పుష్పవల్లి కంప్యూటర్లో దూరిన మనిషి

సినిమాలో పెళ్లి జరుగుతుంటే అక్షతలు వేసే చేతులు ఎవరివో ఎవరూ చూడరు. పెళ్లికూతురిని చూస్తారు, పెళ్లికొడుకుని చూస్తారు, తాళి కట్టే సమయానికి వచ్చి ఆపమనేవాణ్ణి మరీ చూస్తారు. వెనక వరసలో ముక్కు మీద వేలేసుకునే ముత్తైదువలు, కండువాతో విసురుకునే మేనమామలు, వడ్డన ఎప్పుడా అని తొంగిచూసే ముసలాయన, వీళ్లు లేకపోతే మాత్రం ఏ పెళ్లీ పెళ్లిలా ఉండదు. అలాంటి వాళ్లందరినీ చీకటితోనే లేపి, పట్టుచీరలు కట్టించి, వ్యానెక్కించి పంపే మనిషి కృష్ణానగర్‌లో ఒక మేడమీద గదిలో ఉంటుంది. ఆవిడ పేరు పుష్పవల్లి.

రేపల్లె దగ్గర పల్లెటూరు నుంచి గుంపులో డాన్సు చేయడానికి వచ్చిన మనిషి. మోకాళ్లు మొరాయించాక గజ్జెలు అటకెక్కించి, జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు కుదిర్చే పనిలో పడింది. నోరు పెద్దది. మనసు అంతకన్నా పెద్దది. కడుపుతో ఉన్న పిల్లకు కూర్చునే వేషమే ఇస్తుంది. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లను విందు సీనుకు పంపి నోరూరించదు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు వస్తే, ఎక్కడో ఒక గుడి సీను వెతికి, చెప్పుల్లేని పాదాలకు తగిన వేషం ఇప్పిస్తుంది. ఇవన్నీ గొప్ప సంగతులని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. చేసిపెట్టి, వెంటనే తిట్టేది.

ఆవిడ దగ్గర చేరినవాళ్లకు నేర్పే మొదటి పాఠం ఒకటే. కబురందితే రావాలి, ఎందుకని అడక్కూడదు. పొద్దున పెళ్లన్నది మధ్యాహ్నానికి చావు కావచ్చు, మామిడాకులు తీసి పాడె కట్టవచ్చు, కారణాలు అడుగుతూ కూర్చుంటే తెల్లారదు. రెండో పాఠం, తన దగ్గర్నుంచి మెయిల్ వస్తే తిరుగు టపాలో వివరాలు పంపాలి. ఎదురు ఫోటో, కుడి పక్క ఫోటో, ఎడమ పక్క ఫోటో, నిలువెత్తు ఫోటో, ఎత్తెంత, సొంత బట్టలేమున్నాయి. వాట్సాప్‌లో పంపితే ముఖాలు మసకేసిపోతాయని ఆవిడ ఒప్పుకోదు. మెయిలే.

అందుకని ఆవిడ బతుకంతా ఆ కంప్యూటర్లో ఉంది. అదేమో పాతది. ఒక విజయదశమినాడు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి తెరిచింది. తెరిచిన పూటే జాతర సీనుకు మనుషులు కావాలని కబురు వచ్చింది. అంతే, దానిది లక్ష్మీహస్తమని తేలిపోయింది. పైన వేంకటేశ్వరస్వామి పటం, ప్రతి శుక్రవారం ఒక బంతిపువ్వు. అప్‌డేట్ చేయమంటారా అని తెర మీద ఒక చిన్న పెట్టె లేచి అడిగినప్పుడల్లా, బేరగాణ్ణి పంపేసినట్టు "తర్వాత" అన్నచోట నొక్కి పంపేసేది. ఆ పెట్టె కూడా పాపం విసుగు లేకుండా రోజూ వచ్చేది.

కింద జిరాక్సు షాపు జగదీశ్‌ది సిద్దిపేట వైపు. ప్రింటు తీసేటప్పుడల్లా పోరు పెట్టేవాడు.

"అక్కా, గా అప్‌డేట్‌లు పెట్టుకో జర. పాత సాఫ్ట్‌వేర్ల సందులుంటయ్. దొంగలు గా సందులకెల్లే వస్తరు."

"కలిసొచ్చిన మిషను నాయనా. కదిలిస్తే ఏమవుతుందో. అయినా పైన స్వామి ఉన్నాడుగా."

"స్వామి ఉన్నడు. అయితే స్వామితోని వాచ్‌మన్ పని చేయిస్తవా?"

"లెంపలేసుకో ముందు" అనేది పుష్పవల్లి. జగదీశ్ నిజంగానే లెంపలేసుకుని ప్రింటు చేతికిచ్చేవాడు.

ఇలా ఉండగా ఒక సోమవారం మెయిలొకటి వచ్చింది. మీ మెయిల్ పెట్టె ఈ సాయంత్రంతో మూతపడుతుంది, పోకుండా ఉండాలంటే ఈ కింద నొక్కి మీ పాస్‌వర్డ్ ఇవ్వండి అని. ఆవిడ బెదిరిపోయింది. బుధవారం ఫిల్మ్ నగర్ స్టూడియోలో పెద్ద పెళ్లి సీను ఉంది. పెళ్లి బాగా కుదిరితే ఆ వెనకాలే అదే సినిమాకు పల్లెటూరి సెట్టు, ఊరి జనమంతా తన మనుషులే. మెయిల్ పెట్టె మూతపడితే ముఖాలన్నీ అందులోనే పోతాయి.

అంత భయంలోనూ ఆవిడ పద్ధతి తప్పలేదు. పంచాంగం తీసింది. వర్జ్యం ఉంది. వర్జ్యం వెళ్లేదాకా ఆగింది. కాళ్లూ చేతులూ కడుక్కుని, స్వామికి దణ్ణం పెట్టుకుని, అప్పుడు నొక్కింది. పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చింది. ధన్యవాదాలు అని వచ్చింది. "మీకూనండీ" అంది. మంచి ఘడియ చూసుకుందే గానీ, ఆ ఉత్తరం ఏ చిరునామా నుంచి వచ్చిందో మాత్రం చూసుకోలేదు.

మంగళవారం పొద్దున్నే దేవమ్మ వచ్చింది. చావు సీనులో దేవమ్మ శోకం మొదలుపెడితే పక్క ఫ్లోరులో షూటింగు ఆపుకోవాల్సిందే, అంత గొంతు. ఆ గొంతు ఆవేళ పిల్లిపిల్లలా అయిపోయింది. చేతిలో ఇడ్లీల డబ్బా.

"మంచిగున్నవా అక్కా?"

"నాకేమే, రాయిలా ఉన్నాను."

"అవ్. నీకేంది. మంచిగనే ఉన్నవ్" అంటూ గదంతా కలియజూసి, మాటల్లోనే కాలితో కత్తిపీటను మంచం కిందికి తోసింది.

"కత్తిపీట ఎందుకు తోస్తున్నావు?"

"ఏం లేదక్కా. కాలికి తాకింది."

గుమ్మంలోకి వస్తే మెట్ల మీద ఫైటు గుంపులో చేసే ఇద్దరు బండరాళ్లలాంటి మనుషులు కూర్చుని ఉన్నారు. ఇక్కడేం చేస్తున్నారురా అంటే, ఎండ మంచిగుందక్కా అన్నారు. అది చూరు నీడ.

అంతలో ఓదెలు వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి. సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ వేషం వేసీ వేసీ, సొంతంగా ఖాకీ బట్టలు కుట్టించుకుని ఇస్త్రీ చేసి పెట్టుకున్నవాడు. దర్గా దగ్గర కట్టించిన తాయెత్తు తెచ్చి, చేయి చాపమన్నాడు.

"గాడికెల్లి ఎట్లొచ్చినవ్ అక్కా? ఆటోల వచ్చినవా, గోడ దుంకినవా?"

"ఎక్కడి నుంచి?"

దేవమ్మ అతని డొక్కలో పొడిచింది. కానీ నోరు జారిపోయింది, ఇక దాచేదేముంది. ఓదెలు ఫోను తీసి చూపించాడు. పుష్పవల్లి మెయిల్ నుంచి గుంపులో అందరికీ రాత్రే ఒక ఉత్తరం వెళ్లింది.

"ప్రియమైన మిత్రమా, నేను పుష్పవల్లి. నేను ఎర్రగడ్డ ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చబడి ఉన్నాను. దయచేసి నాకు ఫోన్ చేయవద్దు, నేను మాట్లాడే స్థితిలో లేను. ఈ విషయం ఎవరికీ చెప్పవద్దు. వెంటనే మీ వివరాలతో జవాబు ఇవ్వండి. డబ్బు ఎలా పంపాలో తెలియజేస్తాను."

రాసినవాడు ఏ దూరదేశం వాడో, మ్యాపులో చూసి దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఏరుకుని ఉంటాడు. వాడికేం తెలుసు. ఎర్రగడ్డలో ఏయే జబ్బులు చూసే డాక్టర్లు ఎంతమంది ఉన్నా, హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రిలో చేర్చారంటే అందరి మనసుకీ తోచేది ఒక్కటే. మతి చెడిందని. అక్కడి డాక్టర్లు ఎన్ని ఇళ్ల దీపాలు తిరిగి వెలిగించారో భగవంతుడికే తెలియాలి, అయినా లోకం నోరు అలాంటిది.

"ఇది నేను రాయలేదు" అంది పుష్పవల్లి.

"అవునక్కా. నువ్వు రాయలే" అన్నాడు ఓదెలు వెంటనే. మతి చెడినవాళ్లతో వాదించకూడదని అతను ఒక సినిమాలో డాక్టరు పక్కన నిలబడి విన్నాడు.

"ఎవడో నా కంప్యూటర్లో దూరాడురా. దూరి, నా పేరు పెట్టుకుని ఉత్తరాలు రాస్తున్నాడు."

దేవమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఎప్పటికెల్లి ఉన్నడక్కా లోపల?"

పుష్పవల్లికి అప్పుడర్థమైంది, తను నిజం చెప్పేకొద్దీ రోగం ముదిరినట్టు కనిపిస్తోందని.

"నేను మిమ్మల్ని ఎప్పుడైనా ప్రియమైన అన్నానా? ఆ మాత్రం అనుమానం రాలేదా?"

"వచ్చిందక్కా" అన్నాడు ఓదెలు నిజాయితీగా. "గా ముక్క సదవంగనే సమజైంది. అక్కకు ఏదో అయింది లేకుంటే గింత మర్యాద ఏంది అని."

ఇంతలో ఫోను మోగింది. ఫిల్మ్ నగర్‌లో ఆ సినిమా తీసే ఆఫీసు మేనేజరు త్రినాథరావు. భీమవరం మనిషి, మామూలుగా గద్దిస్తాడు. ఆ ఉత్తరం ఆయనకూ చేరినట్టుంది, ఆవేళ లాలిపాట పాడుతున్నట్టు మాట్లాడాడు.

"పుష్పవల్లి గారూ, మీరేం కంగారు పడకండమ్మా. రేపటి పెళ్లి సంగతి మర్చిపోండి. పెళ్లిళ్లు వస్తుంటాయి, పోతుంటాయి."

"త్రినాథరావు గారూ, నేను ఇంట్లోనే ఉన్నానండీ."

"ఇంట్లోనే ఉన్నారు, చాలా సంతోషం. అక్కడున్న వాళ్లందర్నీ మన ఇంట్లోవాళ్లే అనుకోండి."

"అయ్యా, నా మాట వినండి. రేపు పొద్దున నా మనుషులు గేటు దగ్గరుంటారు. మీ పెళ్లికి లోటు రానివ్వను."

"పొద్దు పొడిచేసరికి గేటు దగ్గర ఉన్నారా, పెళ్లీ మీదే, వెనకాల పల్లెటూరూ మీదే. లేకపోతే వేరే ఆవిడకి చెప్పేస్తానమ్మా, నన్ను తప్పు పట్టుకోకండి. వేళకు మందులు వేసుకోండి" అని పెట్టేశాడు.

పుష్పవల్లి మెట్లు దిగింది. వెనకాలే ఎండ కాచుకుంటున్న ఇద్దరూ దిగారు. జగదీశ్‌కు సంగతంతా చెప్పింది. అతను ఒక్కడే ఆవిడను చూసి గొంతు తగ్గించలేదు.

"నిన్న పాస్‌వర్డ్ అడుక్కుంట మెయిలొచ్చిందా? ఇచ్చినవా?"

"వర్జ్యం వెళ్లాకే ఇచ్చాను."

"మంచిగ చేసినవ్. తాళంచెవి ముహూర్తం చూసి మరీ దొంగచేతుల పెట్టినవ్. ఎవరన్న గట్ల మెయిల్‌ల పాస్‌వర్డ్ అడుగుతరా అక్కా? పంపినోని అడ్రస్ సూడాలె ముందుగాల. ఇగ నీ పాత బ్రౌజర్, ఇది దొంగ పేజీ అని చెప్పాల్సింది, చెప్పలే. అన్నేండ్ల సంది తర్వాత, తర్వాత అంటివి. అది గూడ తర్వాత చెప్తా అనుకున్నట్టుంది."

తిట్లు తింటున్నా పుష్పవల్లికి ప్రాణం లేచొచ్చింది. తిట్టదగ్గ మనిషిగా తనను చూసినవాడు పొద్దుటి నుంచి ఇతనొక్కడే.

జగదీశ్ తన కంప్యూటర్లో ఆవిడ మెయిల్‌ను వెనక్కు తెచ్చే పని మొదలుపెట్టాడు. దొంగ పాస్‌వర్డ్ మార్చేశాడు గానీ, ఆవిడ ఫోన్ నంబరు తీసేయలేదు. ఫోనుకు ఒక కోడ్ వస్తుంది.

"వచ్చినంక ఎవరికీ చెప్పకు."

"నీకు చెప్పనా?"

"నాకు గూడ చెప్పకు. నువ్వే కొట్టు."

ఆవిడ కొంగు చాటు చేసుకుని కొట్టింది. మెయిల్ తెరుచుకుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టించాక లోపలికి చూసి, జగదీశ్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

పెట్టె నిండిపోయి ఉంది. వివరాలతో జవాబివ్వమని దొంగ రాశాడు కదా. పుష్పవల్లి నేర్పిన పాఠం ఎవరూ మరవలేదు. ఎందుకని అడక్కుండా అందరూ వివరాలు పంపారు. ఎదురు ఫోటో, కుడి పక్క, ఎడమ పక్క, నిలువెత్తు. జవానుగా, గుమాస్తాగా, పెళ్లికూతురి పిన్నిగా, శవంగా. దేవమ్మ, తెల్లచీర ఉంది, ఎర్రచీర ఉంది, ఏడ్వడం వస్తది అని రాసింది. దొంగ మొదట మర్యాదగా రాశాడు, ఫోటోలు అవసరం లేదు, డబ్బు పంపండి అని. ఎదురు ఫోటో అవసరం లేదేమోననుకుని పక్క ఫోటోలు మళ్లీ పంపారు. ఫోటోలు వద్దు అని రాశాడు. ఆసుపత్రిలో ఫోను తెర చిన్నదై సరిగా కనబడలేదేమోనని ఇంకా పెద్దవి పంపారు. దయచేసి, దయచేసి ఫోటోలు వద్దు అన్నాడు. చివరికి సహనం చచ్చి, ఇంకొక్క ఫోటో పంపితే పోలీసులకు ఫిర్యాదు చేస్తాను అని రాశాడు.

దానికి ఓదెలు జవాబు, "పోలీసు వేషం నాకుంది అక్కా, డ్రస్సు సొంతం." కింద టోపీతో, లాఠీతో, మీసం మెలేసిన నిలువెత్తు ఫోటో.

ఆ తర్వాత దొంగ నుంచి ఏ ఉత్తరమూ లేదు. పెట్టెలో చోటు లేకపోవడం వల్లో, ఆ మీసం చూడటం వల్లో చెప్పలేం.

"ఎవరన్నా డబ్బు పంపారా నాయనా?" అడిగింది పుష్పవల్లి.

"ఎవరూ పంపలే అక్కా. ఫోటోలకే టైం సరిపోయింది."

ఆవిడ అక్కడే నిలబడి దణ్ణం పెట్టుకుంది. జగదీశ్ ఆవిడ చేత సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించి, సైబర్ పోలీసులకు ఫిర్యాదు రాయించాడు. ఆ మెయిల్ అబద్ధమని, డబ్బు అడిగితే ఇవ్వద్దని అందరికీ కబురు పెట్టించాడు. ఆ కబురు అందుకున్నవాళ్లంతా, పాపం అక్క, అన్నారు.

మధ్యాహ్నం నుంచి ఆవిడ ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. రేపు పెళ్లి, పట్టుచీర, పూలు, గాజులు, పొద్దు పొడవకముందే ఫిల్మ్ నగర్ గేటు దగ్గరుండాలి. మామూలు రోజైతే ఎన్ని పేచీలు పెడతారో. చీర చాకలి దగ్గరుందని, వ్యాను ముందు సందులోకి ఎందుకు రాదని, టిఫినులో ఉప్మా అయితే ముందే చెప్పమని. ఆవేళ అందరిదీ ఒకటే మాట, "అట్లనే అక్కా." ఎందుకని అడక్కూడదన్న పాఠం ఇన్నేళ్లలో మొదటిసారి అందరూ ఒక్కటిగా పాటించారు. పుష్పవల్లి పసిగట్టేసింది. అది ఒప్పుకోవడం కాదు, జోకొట్టడం. వీళ్లలో ఒక్కరైనా వస్తారా?

దీపాలు పెట్టే వేళ ఆవిడ ఫిల్మ్ నగర్ గుడికి వెళ్లి, మూసేదాకా కూర్చుంది. పూజారి గర్భగుడి తలుపులు దగ్గరికేసి తాళం వేస్తుంటే ఉండబట్టలేక అడిగింది.

"కంప్యూటర్ మీద స్వామి పటం పెట్టానండీ. రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అయినా దొంగ ఎలా దూరాడంటారు?"

పూజారి తాళంచెవి తిప్పి, గట్టిగా లాగి చూసుకుని, అప్పుడు ఇటు తిరిగాడు.

"లోపల సాక్షాత్తూ స్వామే ఉన్నాడు తల్లీ. అయినా నేను రోజూ తాళం వేస్తూనే ఉన్నాను."

అన్నాక ఆవిడ ముఖం చూశాడు. తన కోసం పక్కన పెట్టుకున్న పులిహోర పొట్లం ఆవిడ చేతిలో పెట్టి, తినేసి పడుకో తల్లీ అని వెళ్లిపోయాడు.

బుధవారం ఇంకా మసక ఉండగానే పుష్పవల్లి స్టూడియో గేటు దగ్గర నిలబడింది. ఒక్కతే. త్రినాథరావు లోపలి నుంచి వచ్చి, ఆవిడకు టీ తెప్పించాడు. అది ఆవిడకు ఇవ్వక ముందు రెండు గ్లాసుల్లోకి తిరగబోసి చల్లార్చాడు. చేతిలో ఫోను మాత్రం దించలేదు. తూరుపు ఎర్రబడింది. గేటు ముందు వీధికుక్క తప్ప పెళ్లివారెవరూ లేరు.

"ఇక చెప్పేయనామ్మా?" అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ తలొంచుకుంది. అప్పుడు దిగువ నుంచి మెరక ఎక్కుతున్న ఆటో చప్పుడు వినిపించింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక వ్యాను. వెనకాల నడిచి వచ్చేవాళ్లు. పట్టుచీరలు, కనకాంబరాలు, ఇస్త్రీ పంచెలు, కొత్త కండువాలు. ఒక్కరూ తప్పలేదు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ముసలాయన కూడా ముందు ఆటోలోనే ఉన్నాడు.

వచ్చారు గానీ, గేటు వైపు ఎవరూ చూడలేదు. నేరుగా పుష్పవల్లి చుట్టూ చేరారు. ఒకరు దుప్పటి తెచ్చారు, ఒకరు ఫ్లాస్కులో పాలు. దేవమ్మ ఆవిడను రాతి అరుగు మీద కూర్చోబెట్టింది.

"పెళ్లెక్కడ అక్కా?"

"లోపల."

"అవ్ అవ్. లోపల్నే" అంది దేవమ్మ, గేటుకు వీపు పెట్టి. "జర సేపు కూసో. మేమంత వచ్చినం గద."

ఓదెలు పంచె సర్దుకుని ముందుకొచ్చాడు. "గీడ్నే చేస్కుందాం అక్కా పెళ్లి. నేనే అయ్యగారిని. మంత్రాలు గూడ జర జర వస్తయ్ నాకు." దేవమ్మ కొంగుముడి విప్పింది. అందులో పసుపు కలిపిన బియ్యం ఉన్నాయి. ఇంట్లో కలిపి తెచ్చింది.

పుష్పవల్లికి అప్పుడు తెలిసొచ్చింది. షూటింగు ఉందని నమ్మి వీళ్లెవరూ రాలేదు. మతి చెడిన అక్క లేని పెళ్లికి పిలిచిందనే అనుకున్నారు. అయినా, గేటు ముందు ఒక్కతే నిలబడి ఎదురుచూస్తుంటే ఆమె మనసు కష్టపడుతుందని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, అక్షతలతో సహా వచ్చారు.

త్రినాథరావు ఫోను జేబులో వేసుకుని, వెనక్కి తిరిగి చేయి ఊపాడు. గేటు తెరుచుకుంది. లోపల అరటిబోదెలు, మామిడి తోరణాలు, మల్లెలు చుట్టిన మండపం. సన్నాయివాళ్లు శ్రుతి చూసుకుంటున్నారు.

గుంపంతా నోళ్లు తెరుచుకుని నిలబడిపోయింది. "నిజంగనే ఉన్నది" అన్నాడు ఓదెలు.

"లేకపోతే మిమ్మల్ని మేల్కొలుపులు పాడటానికి పిలిచాననుకున్నారా?" పుష్పవల్లి అరుగు మీంచి లేచింది. లేస్తూనే కళ్లు తుడుచుకుని అందరినీ ఒకసారి పరికించింది. "దేవమ్మా, జడకి ఆ ఆకుపచ్చ రబ్బరుబ్యాండేంటి, పెళ్లికొచ్చావా పొలానికొచ్చావా? ఓదెలూ, మేనమామ చేతికి అంత గడియారమా, తీసి జేబులో పెట్టు. ఆ ముసలాయన్ని ఓ పక్కన కూర్చోబెట్టండర్రా, లేచిన దగ్గర్నుంచీ ఏమీ తినుండడు."

దేవమ్మ రబ్బరుబ్యాండు పీకేసి, పక్కనున్న ఆమె చేయి పట్టుకుంది. "అక్కే" అంది. ఆ మాట వెనక వరస దాకా ఒకరి నుంచి ఒకరికి పాకింది.

ఆదివారం మధ్యాహ్నం జగదీశ్ మేడమీదికి వచ్చి, ఏళ్ల తరబడి "తర్వాత" అనిపించుకున్న అప్‌డేట్‌లన్నీ వరసగా పెట్టాడు. ఇక మీదట వాటంతటవే పడేలా చేశాడు. మెయిల్‌కు రెండో తాళం కూడా వేయించాడు. పాస్‌వర్డ్ తెలిసినా ఫోనుకొచ్చే కోడ్ లేనిదే తెరుచుకోదు. కంప్యూటరుకు కొత్త కుంకుమ, కొత్త బంతిపువ్వు పెట్టింది పుష్పవల్లి. తెర మీద చిన్న చక్రం గిరగిరా తిరుగుతూ ఉంది.

దేవమ్మ మంచం అంచున కూర్చుని, ఆ చక్రాన్ని చాలాసేపు చూసింది.

"లోపల ఎవరన్న ఉన్నరా అక్కా ఇంక?"

"లేరే. తలుపు గడియ పెట్టాను."

దేవమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత వంగి, మంచం కింది నుంచి కత్తిపీట బయటికి లాగి, దుమ్ము తుడిచి, వంకాయలు తరగడానికి కూర్చుంది.